ఎత్తని చెయ్యి

ఎవరైనా సలహా అడగడానికి వస్తే సువార్తమ్మ గారు ముందుగా వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇస్తారు. నర్సింగ్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనా, వారానికి రెండు క్లాసులకు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. పిల్లలు ఇంటికి కూడా వస్తారు. వచ్చినవాళ్ళకు ఆమె సలహా మాత్రం ఇవ్వరు. పని అయ్యేలోపు ఎప్పుడో జరిగిన ఒక సంగతి చెబుతారు. తమకు కావలసింది అందులో దొరికిందా లేదా అన్నది విన్నవాళ్ళ ఇష్టం.

ఆ ఆదివారం మధ్యాహ్నం వచ్చినది హిమజ. మూడో సంవత్సరం చదువుతోంది. నాలుగు రోజుల క్రితమే హాస్టల్లోని విద్యార్థినుల సంఘానికి ప్రెసిడెంటుగా ఎన్నికైంది. సువార్తమ్మ గారు చిక్కుడుకాయలున్న చేటను ఆమె ముందుకు జరిపి, ఈనెలు తియ్యమన్నారు.

“గెలిచాను గానీ భయంగా ఉందండి టీచర్,” అంది హిమజ. “సంఘాన్ని చీలిపోకుండా నడపాలంటే ఏం చెయ్యాలండీ?”

“గెలిచి నాలుగు రోజులే కదమ్మా. అప్పుడే చీలిపోయేంత ఏమొచ్చింది?”

హిమజ చెప్పింది. సీనియర్లు తమ చేత బట్టలు ఉతికిస్తున్నారని ప్రవల్లిక అనే మొదటి సంవత్సరం అమ్మాయి ప్రిన్సిపాలుకు కాగితం రాసి ఇచ్చింది. విచారించి ఇద్దరు సీనియర్లను పదిహేను రోజులు హాస్టలు నుంచి పంపేశారు. దాంతో హాస్టలంతా ప్రవల్లిక మీద మండిపడుతోంది. ఫోన్లో ఉన్న గ్రూపులోంచి ఆమెను అప్పుడే తీసేశారు. ఇకమీద ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని తీర్మానం చెయ్యడానికి సాయంత్రం అయిదింటికి మీటింగు.

“అందరిదీ ఒకే మాటండీ. అందుకని ఓటింగు పెట్టేస్తాను. నేను మాత్రం చెయ్యి ఎత్తను. ప్రెసిడెంటు మధ్యస్థంగా ఉండాలి కదా. అప్పుడు ఇటువాళ్ళూ అటువాళ్ళూ కూడా నన్ను ఏమీ అనలేరు. అలా చేస్తే సరిపోతుంది కదండీ?”

కాయలు తుంచుతున్న సువార్తమ్మ గారి చేతులు ఆగాయి. తర్వాత ఆమె చెప్పిన సంగతిని, ఒకప్పుడు ఆ టీచరు దగ్గరే చదువుకున్న నాకు హిమజ చెప్పింది. టీచరు మాటల్ని ఆమె ఎక్కడా మార్చలేదనే నా నమ్మకం.

నలభై అయిదేళ్ళ క్రితం సువార్తమ్మ గారు వేరే ఊళ్ళో, ఒక ఆసుపత్రికి చెందిన నర్సింగ్ స్కూల్లో రెండో సంవత్సరం చదువుతున్నారు. అప్పుడామె ఉత్త సువార్త. హాస్టల్లో యాభై నలుగురు ఆడపిల్లలుండేవారు. ఒకరినొకరు అక్కా, చెల్లీ అని పిలుచుకోవడం అక్కడి పద్ధతి. ఆ ఏడు సంఘానికి ఇందుమతి అనే అమ్మాయి ప్రెసిడెంటయింది. నెమ్మదైన పిల్ల. ఎవరికి నలతగా ఉన్నా వాళ్ళ డ్యూటీ తను చేసిపెట్టేది. అందుకే గెలిచింది. సువార్త ఆమె గదిలోనే ఉండేది, సంఘానికి సెక్రటరీ కూడా.

ఆ రోజుల్లో ఆ హాస్టల్లో ఒక నియమం ఉండేది. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే, సంఘం ప్రెసిడెంటు సంతకం చేసిన చీటీ పట్టుకెళ్ళి హాస్టలు చూసుకునే సిస్టరుకు ఇవ్వాలి. అప్పుడే డాక్టరు దగ్గరికి పంపేవారు. డ్యూటీ ఎగ్గొట్టడానికి జబ్బు నటించేవాళ్ళను ప్రెసిడెంటు కనిపెడుతుందని దాని ఉద్దేశం.

లోవకుమారి కూడా రెండో సంవత్సరమే. కొండల కింద జీడితోటల్లో కూలికి వెళ్ళే కుటుంబం. మాట తక్కువ, చదువు మీదే దృష్టి. పిల్లల వార్డులో ఆమెతోపాటు డ్యూటీ చేసే సుగుణ అనే సీనియరు, థర్మామీటరు పెట్టకుండానే చార్టులో జ్వరాలు రాసేస్తోందని లోవకుమారి గమనించింది. రెండుసార్లు సుగుణకే చెప్పి చూసింది. మూడోసారి, అలా కొలవకుండా రాసిన ఒక పసివాడికి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. అప్పుడిక వెళ్ళి మేట్రన్‌కు చెప్పింది. పసివాడు దక్కాడు. సుగుణను మూడు నెలలు ఇంటికి పంపేశారు.

సుగుణ అంటే హాస్టల్లో అందరికీ ఇష్టం. బాగా పాడేది, బాగా నవ్వించేది. ఆమె పెట్టె సర్దుకుని ఏడుస్తూ వెళ్ళిన సాయంత్రమే భోజనాల హాల్లో మీటింగు పెట్టమని పట్టుబట్టారు. లోవకుమారిని దానికి రానివ్వలేదు. డ్యూటీలో ఉన్నవాళ్ళు పోగా నలభై ఏడుగురు చేరారు.

“సొంత అక్కను పట్టించినట్టు పట్టించింది. సుగుణక్క తిరిగొచ్చేదాకా దాంతో ఎవరం మాట్లాడొద్దు,” అంది ఒకామె. మిగతావాళ్ళు బల్లలు చరిచారు.

ఇందుమతి పక్కనే కూర్చున్న సువార్త వైపు వంగి, “ఏం చేద్దామంటావు?” అని అడిగింది. ఆ గొంతులో ఒక ఆశ ఉందని సువార్తకు అర్థమైంది. ఎవరైనా ఒకరు వద్దంటే బాగుండునని ఇందుమతి ఎదురుచూస్తోంది. కానీ అంతమంది మధ్య ఆ వద్దన్న మాట తన నోటి నుంచే రావడం సువార్తకు ఇష్టం లేకపోయింది.

“అందరూ ఏదంటే అదేనక్కా,” అంది.

ఇందుమతి లేచి నిలబడి ఓటింగు పెట్టింది. నలభై ఆరు చేతులు లేచాయి. లేవనిది ఇందుమతి చెయ్యి ఒక్కటే. తీర్మానం పుస్తకంలో ‘సభ్యుల అభీష్టం మేరకు’ అని సువార్తే రాసింది.

“నేను ఎందుకు ఎత్తానో తెలుసా?” అని ఇక్కడ సువార్తమ్మ గారు హిమజను అడిగారట. “లోవ మీద నాకు కోపం లేదమ్మా. ఆ పసివాణ్ణి నేనూ చూశాను. నా ఎడమ పక్కదాని చెయ్యి లేచింది, కుడి పక్కదాని చెయ్యి లేచింది. నాదీ లేచింది. అంతే.”

మర్నాడు, సోమవారం పొద్దున లోవకుమారి గదిలో ఉండే అమ్మాయి తన పరుపు చుట్టుకుని వేరే గదికి వెళ్ళిపోయింది. లోవకుమారి భోజనాల హాల్లోకి వచ్చి కూర్చుంటే ఆ బల్ల దగ్గరివాళ్ళు లేచి ఇంకో బల్లకు మారారు. వార్డులో పని చెప్పాల్సివస్తే కాగితం మీద రాసి చూపించారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరి ముందూ ఏడవలేదు కూడా. ఏడిస్తే కొందరి మనసైనా కరిగేదేమో, ఏడవకపోవడం వల్ల అందరికీ ఇంకా ఒళ్ళు మండింది.

మంగళవారం రాత్రి ఆమె అన్నం తినలేదు. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, కడుపులో బాగాలేదని వంటమనిషి పైడమ్మను మజ్జిగ అడిగి తాగింది. ఆ సంగతి బల్లల దగ్గర ఉన్నవాళ్ళందరూ చూశారు.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఇందుమతి గదిలో నలుగురున్నారు. ఇందుమతి, సువార్త, పరీక్షకు కలిసి చదువుకుంటున్న మరో ఇద్దరు. తలుపు తీసే ఉంది. లోవకుమారి వచ్చి గుమ్మంలో నిలబడింది. కుడి చెయ్యి పొత్తికడుపు పక్కన అదిమిపట్టుకుని ఉంది, ఎడమ చేతిలో చీటీ. నుదురంతా చెమట.

“అక్కా, సంతకం ఒక్కటి,” అంది.

ఇందుమతి తలెత్తింది. లోవకుమారిని చూసింది. తర్వాత ఆ ఇద్దరినీ చూసింది. వాళ్ళు పుస్తకాలు పక్కన పెట్టి ఇందుమతి ఏం చేస్తుందా అని చూస్తున్నారు. మాట్లాడకూడదని తీర్మానించారే గాని సంతకం పెట్టకూడదని ఎవరూ అనలేదు. చెయ్యి చాపి చీటీ తీసుకుంటే సరిపోయేది. ఇందుమతి తల దించుకుని పుస్తకంలోకి చూసింది.

సువార్త కూడా తన పుస్తకంలోకే చూసింది. ఆ పూట ఆమె తెరిచిన పేజీలో పొట్ట నొప్పుల లక్షణాలు ఉన్నాయా, ఎముకల పేర్లు ఉన్నాయా అన్నది ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ఊపిరి మాత్రం వినిపించింది. కాసేపటికి లోవకుమారి రెండడుగులు లోపలికి వేసి, చీటీని ఇందుమతి మంచం అంచున పెట్టి, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

“చాలా నటన,” అంది ఆ ఇద్దరిలో ఒకామె.

ఆ ఇద్దరూ వెళ్ళాక ఇందుమతి చీటీ తీసి సంతకం చేసింది. తేదీ కూడా వేసింది. కానీ అప్పటికి అయిదు దాటింది. హాస్టలు సిస్టరు అయిదింటికి రిజిస్టరు మూసేస్తారు. పొద్దున్నే ఇచ్చేద్దాంలే అనుకుని దాన్ని పుస్తకంలో పెట్టుకుంది. లోవకుమారి గది అదే వరండాలో, నాలుగు తలుపుల అవతల. తానే వెళ్ళి చూసిరావచ్చు. అలా వెళ్తే ఎవరైనా చూస్తారు. రెండుసార్లు చెప్పులు వేసుకుంది, రెండుసార్లూ విడిచింది. సువార్త చూస్తూనే ఉంది. పద అక్కా, ఇద్దరం వెళ్దాం అనలేదు.

గురువారం పొద్దున ఇందుమతికి ఆరింటికే డ్యూటీ. హాస్టలు సిస్టరు ఇంకా రాలేదు. చీటీ పుస్తకంలోనే ఉండిపోయింది. పిల్లల వార్డులో సిస్టరు, లోవకుమారి ఎందుకు రాలేదని అడిగితే తోటివాళ్ళు “తెలీదండీ” అన్నారు. టిఫిను దగ్గర ఆమె ప్లేటు బోర్లించే ఉంది. దాని పక్క నుంచే అందరూ తమ ప్లేట్లు తీసుకున్నారు.

మధ్యాహ్నం పైడమ్మ గంజి కాచి పైకి పట్టుకెళ్ళింది. ఎందుకమ్మా నీకు, సంఘం ఊరుకోదు అని ఎవరో అంటే, “నాకు ఓటు లేదు కదమ్మా,” అందట. తలుపు గడియ తీసే ఉంది గానీ తెరుచుకోలేదు. లోవకుమారి తలుపుకు అడ్డంగా, నేల మీద పడి ఉంది. పైడమ్మ కేకలు విని వరండాలోని గదులన్నీ తెరుచుకున్నాయి. ఇరవైమంది పరిగెత్తుకొచ్చి తలుపు తోసి లోపలికి వెళ్ళారు. ఒకరు నాడి పట్టుకున్నారు, ఒకరు పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. పొట్ట చెక్కలా బిగిసిపోయి ఉంది. అదేమిటో వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే.

“ఇంతమంది ఉన్నారు కదమ్మా, ఒక్కరూ తలుపు తట్టలేదా?” అని పైడమ్మ అడిగింది. తిట్టినట్టు అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది.

అపెండిక్స్ పగిలి చీము పొట్టంతా పాకింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ముందురోజే తెచ్చి ఉంటే ఇంత ప్రమాదం ఉండేది కాదని సర్జను గారు అన్నారు. హాస్టలంతా వంతులు వేసుకుని ఆమె పక్కన కూర్చుంది. ఇప్పుడు అందరూ మాట్లాడారు. లోవా, లోవా అని పిలిచారు, క్షమించమని ఏడ్చారు. ఆమెకు తెలివి రాలేదు. శనివారం పొద్దున ప్రాణం పోయింది.

తండ్రి జీడిపిక్కల లారీ ఎక్కి వచ్చాడు. సన్నగా, ఎండకు మాడిన మనిషి. మేట్రన్ ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చోమంటే నేల మీదే కూర్చున్నాడు. అమ్మాయి సామాను అప్పగించడానికి ప్రెసిడెంటునూ సెక్రటరీనీ పంపారు. ఇందుమతీ సువార్తా రేకు పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టారు. పెట్టెలో ఏముందో ఆయన తెరిచి చూసుకోలేదు.

“మా పిల్ల ఉత్తరాల్లో రాసేదమ్మా,” అన్నాడు. “ఇక్కడ అందరూ అక్కచెల్లెళ్ళలాగే చూసుకుంటారు నాన్నా, నాకేం దిగుల్లేదు అని. ఈ వారం కూడా రాసింది. నాకు చదువు రాదు, పోస్టు మేష్టరు చదివి చెప్పాడు. అందరిలోకీ దానికి ఎవరితో ఎక్కువ చనువో చెప్తే, ఆ పాపని ఒక్కసారి చూసి పోతాను. చివర్లో ఏమైనా అందేమో.”

ఈ వారం కూడా రాసింది అన్న మాటకు సువార్త ఇందుమతి వైపు చూసింది.

“అందరితోనూ చనువేనండీ,” అంది ఇందుమతి.

“అలాగా తల్లీ,” అన్నాడాయన. ఎవరిని చూడాలో తెలియక, చుట్టూ వరండాలో నిలబడ్డ ఆడపిల్లలందరి వైపూ తిరిగి చేతులు జోడించాడు. “మా పిల్లని బాగా చూసుకున్నారమ్మా. మీరంతా చల్లగా ఉండాలి.”

వరండాలో ఉన్నవాళ్ళు ఒక్కరూ తిరిగి దండం పెట్టలేకపోయారు.

విచారణ జరిగింది. ఎవరిని అడిగినా సంఘం నిర్ణయం అన్నారు. సంఘం అంటే ఎవరు అని అడిగితే ఎవరి పేరూ ఎవరూ చెప్పలేదు. ఇందుమతి మాత్రం పుస్తకంలోంచి ఆ చీటీ తీసి బల్ల మీద పెట్టింది. బుధవారం తేదీతో సంతకం ఉన్న చీటీ. విచారించే పెద్దాయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, “సంతకం అయింది కదా, మరి ఇవ్వలేదేం?” అన్నాడు. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. చీటీ నియమాన్ని మాత్రం తీసేశారు.

మర్నాడు ఇందుమతి రాజీనామా కాగితం రాసి భోజనాల హాల్లో చదివింది. అందరూ వద్దన్నారు. ఆమెను ఓదార్చితే తమకూ కొంత ఊరట దొరుకుతుందన్నట్టుగా చుట్టూ చేరారు.

“నీ తప్పేముందక్కా? ఓటేసింది మేము. నువ్వు చెయ్యి కూడా ఎత్తలేదు కదా,” అంది ఒకామె.

“తప్పని నాకు ముందే తెలుసు. అందుకే ఎత్తలేదు,” అంది ఇందుమతి.

ఆ తర్వాత ఎవరూ ఆమెను ఓదార్చలేదు. చదువు పూర్తి చేసి ఆమె దూరంగా ఒక క్షయ ఆసుపత్రిలో చేరింది. ముప్ఫై రెండేళ్ళు అక్కడే మామూలు నర్సుగా పనిచేసింది. హెడ్ నర్సుగా వెయ్యబోతే మూడుసార్లు వద్దని రాసిచ్చింది. పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది, నలుగురితో నవ్వుతూనే ఉండేది. సువార్తకు ఏటా ఒక ఉత్తరం రాసేది. ఏ ఉత్తరంలోనూ లోవకుమారి పేరు లేదు. ఇంతకూ లోవకుమారి గురించి చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. ఆ పిల్లకు ఏం ఇష్టమో, సెలవుల్లో ఏం చేసేదో, నవ్వితే ఎలా ఉండేదో వాళ్ళకు తెలియదు.

సంగతి అంతటితో ఆగింది. చేటలో చిక్కుడుకాయలు సగం అలాగే ఉన్నాయి.

“నేను ఎదురు చెప్తే ముందు నన్నే దించేస్తారండీ,” అంది హిమజ మెల్లగా.

టైము నాలుగున్నర అయిందని మాత్రం సువార్తమ్మ గారు చెప్పారు.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్తూ హిమజ మళ్ళీ వచ్చింది. సువార్తమ్మ గారు పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు. ఆమెను చూడగానే హిమజకు దుఃఖం ఆగలేదు.

“ఒప్పుకోనన్నానండీ టీచర్. ప్రవల్లిక రాసింది అబద్ధమా అని అడిగాను. నన్ను దించాలని ఓటింగు పెట్టారు. ముప్ఫై ఎనిమిది చేతులు లేచాయి. నన్ను ప్రెసిడెంటుగా నిలబెట్టినవాళ్ళు కూడా ఎత్తారు. ఆ తర్వాత వాళ్ళు అనుకున్న తీర్మానం కూడా చేసేశారు. నా వల్ల ఏమీ ఆగలేదండీ.”

“ఆ అమ్మాయి ఎలా ఉంది?”

“రాత్రి ఏడుస్తూ కూర్చుంది. నా గదికి తెచ్చుకున్నాను. ఇప్పుడే ఇద్దరం టిఫిను తిన్నాం. మా బల్ల దగ్గరికి ఇంకెవరూ రాలేదు.” హిమజ కళ్ళు తుడుచుకుంది. “అంతమందిలో నేనొక్కదాన్నే మిగిలానండీ.”

సువార్తమ్మ గారు చేతిలోని తడిబట్టను తీగ మీద వేసి, అంచులు సరిచేసి, ఇటు తిరిగారు.

“మాకు ఆ ఒక్కరే లేకపోయారమ్మా,” అన్నారు.